కఫీల్ లేని జెండా

అరబ్బు దేశపు రిఫాలో పదకొండేళ్లుగా కాపురమున్నా, నివాస పర్మిట్ తుమ్మితే ఊడే ముక్కేనని వీరభద్రం నమ్మకం. అందుకే తుమ్మినప్పుడల్లా ముక్కు కాదు, జేబు తడుముకుంటాడు. ఇంట్లో నలుగురి సీపీఆర్ గుర్తింపు కార్డులూ రబ్బరు బ్యాండుతో అందులోనే ఉంటాయి. మొన్న కూతురు శరణ్య చరిత్ర పాఠం చదువుతూ, స్పెయిన్ వాళ్లు ఫిలిప్పీన్స్‌ని మూడు వందల ఏళ్లకు పైగా ఏలారంది.

"అన్నేళ్లా! వీసా ఎవరిచ్చారే?"

"ఎవరూ ఇవ్వలేదు నాన్నా. ఓడ దిగి జెండా పాతేశారు."

"పూచీపడే కఫీల్ కూడా లేకుండానే?" ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

శుక్రవారం సాయంత్రం అరాద్ తీరంలో శరణ్య ఇసుక కోట కట్టింది. నాన్న చేతిరుమాలు పుల్లకి కట్టి పైన పాతి, "ఈ దేశం మనది!" అని చాటింది. అంతలో కాపలా మనిషి ఇటే రావడం చూసి వీరభద్రం గబుక్కున జెండా పీకేసి, అడక్కముందే నాలుగు కార్డులూ చాపాడు.

"మీ కారు లైట్లు వెలుగుతున్నాయి భాయ్," అన్నాడు కాపలా మనిషి హిందీలో. బిక్కమొహం వేసిన పిల్లని చూసి, జెండా అందుకుని మళ్లీ తనే కోట మీద పాతాడు.

వీరభద్రం కార్డులు జేబులో పెట్టుకుంటూ, జెండా వైపు చూపించి గొంతు తగ్గించి అడిగాడు:

"ఇది ఎప్పటిదాకా చెల్లుతుంది భాయ్?"