బిస్కెట్ పాకెట్

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో నా పక్కసీటాయన ఫోన్లో ఎవరికో అండమాన్ యాత్ర చౌకగా ఎలా చేయాలో అరిచి చెబుతున్నాడు.

"ప్యాకేజీ గీకేజీ ఏం వద్దురా. అడివి రోడ్డు మీద మామూలు బస్సెక్కుదాం. కిటికీలకెల్లి నాలుగు బిస్కెట్లు ఇసిరితే అడివోళ్లు ఉరికొస్తరంట. ఫిరీగ చూడొచ్చు!"

నాదీ అడవిపల్లే. నా నర్సు చీర చూసి ఆయన అది ఊహించి ఉండడు.

పాల్వంచ దాటాక టైరు పంక్చరైంది. దాహమేసి ఆయన రోడ్డు పక్క గుడిసెకు నడిచాడు, వెనకే నేనూ. వచ్చినవాళ్లను ఎవరని అడగకముందే నీళ్లివ్వడం మావాళ్ల పద్ధతి. ముసలమ్మ మంచం వాల్చి, సొరబుర్రతో నీళ్లు తెచ్చి రెండు చేతులా అందించింది. ఆయన గటగటా తాగి, సంచిలోని బిస్కెట్ పాకెట్ మంచం మీద పడేసి, మాటైనా లేకుండా వెళ్లిపోయాడు.

చేతికివ్వని దాన్ని ఇచ్చినట్టు ఆమె అనుకోలేదు. "ఆ సారు మర్చిపోయిండు బిడ్డా, జెర ఇచ్చెయ్" అంది.

బస్సెక్కి, మెట్ల దగ్గర్నుంచే దాన్ని ఆయన ఒళ్లోకి విసిరాను.

ఆయన గయ్యిమన్నాడు. "గట్ల ఇసురుతవేంది సిస్టర్? మనిషికి గిట్లనేనా ఇచ్చేది?"