ప్రార్థనలో దగ్గే కుక్క

మా పిన్ని కుక్క దగ్గితే దెందులూరు దగ్గర హైవే మీద లారీలు పక్కకు తప్పుకునేవని చాలామందికి చెప్పాను. అందులో లారీలు అబద్ధం. దగ్గు మాత్రం నిజంగానే హారన్‌లా ఉండేది. ఏలూరులో వాళ్ల ముందు గదిలో దగ్గితే వీధి చివరి ఇంట్లో వినపడేది.

పిడికెడంత పమేరియన్ అది. పిన్ని దానితో మాట్లాడినంత బాబాయితో మాట్లాడేది కాదు. బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు, చర్చి సంఘంలో పెద్ద. శుక్రవారం సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక. అందరూ కళ్లు మూసుకోగానే కుక్క దగ్గేది. బాబాయి కూర్చున్నచోటి నుంచే దాని మెడ గొలుసు ఒక్క గుంజు గుంజేవాడు. దానికి దగ్గు ఇంకా ఎక్కువయ్యేది. ఆయన ఇంకా గట్టిగా గుంజేవాడు. ఆయన క్లాసులో చదువుకున్నవాణ్ణి కనుక నాకు ఆ పద్ధతి కొత్త కాదు.

మా వైపు ఎవరు దగ్గినా చేప ముల్లంటారు. కొల్లేటి చేపలు తినే కుక్క కాబట్టి ఇక అనుమానమే లేదన్నారు. బాబాయి దాని గొంతులో వేళ్లు పెట్టి వెతికాడు. అది కరిచింది. ఆయన చెప్పుతో కొట్టాడు. ముల్లు దిగాలని పిన్ని పూటపూటా అన్నం ముద్దలూ అరటిపండూ మింగించింది. వేసవి వెళ్లేసరికి కుక్క గుమ్మడికాయైంది, దగ్గు దగ్గులాగే ఉంది.

చివరికి నా కారులో తాడేపల్లిగూడెం తీసుకెళ్లాం, నేనూ బాబాయీ. పిన్నికి కారు పడదు. అక్కడి పశువుల డాక్టరు గారు గుండె విన్నారు, ఎక్స్‌రే తీయించారు. గుండె బాగానే ఉంది, ముల్లూ లేదన్నారు. తర్వాత మెడ కింద వేలితో మెల్లగా నొక్కారు. హారన్ మోగింది. ఇలాంటి చిన్న కుక్కల్లో కొన్నిటికి గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోతుందని, ఒళ్లు పెరిగినా, పొగ తగిలినా, మెడ మీద ఒత్తిడి పడినా ఇంకా ముదురుతుందని చెప్పారు. దగ్గుకు సిరప్ రాశారు. తిండి సగానికి తగ్గించమన్నారు.

"గొట్టాన్ని మందు బాగుచేయదండి. మెడకు మాత్రం ఏమీ కట్టకండి, ఛాతీకి వేసే పట్టీ కొనండి. ఇలా గుంజుతూ ఉంటే ఏదో ఒకరోజు ఊపిరాడక చచ్చిపోతుందండి."

బాబాయి తలూపాడు. ఊపుతూనే గొలుసు చేతికి చుట్టుకున్నాడు.

ఇంటికొచ్చి పిన్నికి బాబాయి చెప్పింది సగమే. తెగ తినిపించి నువ్వే దాని ప్రాణం మీదికి తెచ్చావట అన్నాడు. పిన్ని ఆ పూట తను కూడా అన్నం మానేసింది. ఆయన బజారుకెళ్లినప్పుడు మిగతా సగం నేను చెప్పాను.

"మొన్న కొల్లేట్లో మొసలి మీదెక్కి మండవల్లిలో దిగానన్నావు. ఇప్పుడు నీ మాట పట్టుకుని మీ బాబాయిని అబద్ధాలకోరు అనమంటావేంట్రా?" అంది.

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడంతో, నా మాట నిజమేమోనని ఆవిడకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

ఆ శుక్రవారం ప్రార్థన చాలాసేపు సాగింది. కుక్క దగ్గింది, గొలుసు గలగలమంది. మళ్లీ దగ్గింది, మళ్లీ గలగల. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ప్రార్థన చక్కగా ముగిసింది. కళ్లు తెరిచాక ఒక పెద్దావిడ, ఈవేళ కుక్క ఎంత బుద్ధిగా ఉందోనండీ అని మెచ్చుకుంది. గుంజగా గుంజగా అదే నేర్చుకుందన్నాడు బాబాయి.

పిన్ని టీ గ్లాసుల పళ్లెం కింద పెట్టి కుక్క పక్కన కూర్చుంది. దాని తల ఎత్తింది. చెయ్యి తీయగానే తల వాలిపోయింది.

"ఏవండీ," అంది, అందరూ ఉన్నారని గొంతు తగ్గించి. "చచ్చిపోయిందండీ. ఇంక గొలుసు వదిలిపెట్టండి."