మిగిలిన రొట్టెలు

హైటెక్ సిటీలోని ఆ ఆఫీసులో ఎవరికి కడుపుబ్బరం వచ్చినా నితీష్ కుర్చీ దగ్గరికే వచ్చేవాళ్ళు. "పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకు గూడ పగలూ రాత్రీ తెలుసు భై. అవి పడుకునే యాళ్లకు మనం బిర్యానీ పంపిస్తే ఎట్ల?" అని నవ్వించేవాడు. తాను బాగుపడి చూపించాడు కాబట్టి ఆ మాటలకు విలువ కూడా వచ్చింది. అమెరికా వాళ్ళ పగటికి సరిపోయే షిఫ్టు అతనిది. అర్ధరాత్రి ఇంటికెళ్ళి తినడం మానేసి, పొద్దుగూకగానే క్యాంటీన్లో భోజనం కానిచ్చేవాడు. పొట్ట తగ్గింది, ఛాతీలో మంట పోయింది.

అంతా బాగానే ఉంది. కానీ ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, అదీ అతను చేసిన తప్పు.

కోకాపేట ఇంట్లో అతను కాక ఉండేది నాయిన బాలనర్సయ్య ఒక్కడే. పాలు పోసి బతికిన మనిషి. బర్లు పోయి చుట్టూ టవర్లు లేచినా తెల్లవారకముందే ఆయన కళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. భార్య పోయాక జొన్నరొట్టె చెయ్యడం నేర్చుకున్నాడు. రోజుకు ఒక్క పూటైనా తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని తినాలని ఆమె దినాలనాడు ఆయనే అన్నాడు. అప్పటినుంచి కొడుకు వచ్చేదాకా గిన్నె మూత తియ్యడు.

అలాంటి మనిషితో "నేను తినొచ్చిన" అనడానికి నితీష్‌కు నోరు రాలేదు. నాయిన మనసు నొప్పించడం ఎందుకులే అనుకున్నాడు గానీ, అది ఒట్టి పిరికితనం. ఒక ముక్క తుంచి, కూరలో అద్ది, నములుతున్నట్టు నటించి, "నిద్రొస్తుంది నాయినా" అని లేచిపోయేవాడు. మిగిలిన రొట్టెలు ఏమవుతున్నాయో ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. లోకం పేగులన్నిటి గురించీ చెప్పే పెద్దమనిషికి తన ఇంట్లో ఇంకో కడుపు ఉందని తట్టలేదు చూడండి!

నాయిన కాళ్ళు తిమ్మిర్లు పడుతున్నాయంటే ఒకరోజు పొద్దున దవాఖానకు తీసుకెళ్ళాడు. పరీక్ష చేస్తే షుగర్ బాగా పెరిగిపోయిందని తేలింది.

"రాత్రి భోజనం ఎప్పుడు చేస్తారండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"పిలగాడొచ్చినంకనే తింటమమ్మా, అర్ధరాత్రి దాటుతది. వాడు తినంగ మిగిలినయి గూడ నేనే తింట. పారేయబుద్ధి కాదు."

"అయ్యో, ఆ వేళకు ఒళ్ళు చక్కెరను పగటిలా సర్దుకోలేదండీ. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకు కూడా పగలూ రాత్రీ ఉంటాయి."

నితీష్ చెవులు కాలిపోయాయి. అవి తన మాటలే. డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "మరి మీరూ అంత రాత్రే తింటారా?"

అవునంటే తన పరువు దక్కుతుంది. కానీ నాయిన రేపు కూడా కొడుకు కోసం ఎదురుచూస్తాడు.

"లేదు మేడం. నేను ఆఫీసులనే తింట. పొద్దుగూకంగనే."

బాలనర్సయ్య కొడుకు మొహం చూశాడు. "ఎప్పటిసంది రా?"

"శివరాత్రి పోయినప్పటిసంది."

అప్పటికి బతుకమ్మ పండుగ దగ్గరపడింది. నాయిన తిట్టి ఉంటే నితీష్ ప్రాణం కాస్త కుదుటపడేది. ఆయన తిట్టలేదు.

"నా రొట్టెలే మంచిగ అయితలేవనుకున్న," అన్నాడు మెల్లగా. "గందుకే రోజింత నెయ్యి ఎక్కువ రాస్తున్న."

నితీష్ సిగ్గుతో చచ్చిపోయాడు.

కారు గచ్చిబౌలి దాటింది. ఆ తర్వాత నాయినే అన్నాడు, "ఇగ చీకటి పడకముందే తింట తియ్యి. నువ్వు ఫికర్ చెయ్యకు." మళ్ళీ తనే అడిగాడు, "గా క్యాంటీన్ల రొట్టె మంచిగ చేస్తరా?"

"నీ అంత మంచిగ చెయ్యరు నాయినా."

అది నిజం. ఇన్నాళ్ళూ నమిలినట్టు నటించిన నోటితోనే ఆ నిజం చెప్పాల్సి వచ్చింది. నాయిన "ఊఁ" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.