బంతి బయటనే పడ్డది

మా అన్నకు నాకు మాటలు తెగింది ఒక టెన్నిస్ బంతి మీద. బయటోళ్లకు చెప్తే నవ్వుతరు. మా ఇంట్ల మాత్రం ఎవ్వరం నవ్వలేదు.

నేను కామారెడ్డిల ఒక బడిల పీఈటీని. పుట్టింది, పెరిగింది ఎల్లారెడ్డిల. చదువుకునే రోజులల్ల యూనివర్సిటీ తరఫున టెన్నిస్ ఆడిన. పెండ్లయినంక ఆట పోయింది గని ఆట మీద మనసు పోలేదు. హైదరాబాదుల లైన్ అంపైర్లకు ట్రైనింగ్ ఇస్తున్నరంటే ఎండకాలం సెలవులల్ల పోయి నేర్చుకున్న. లైన్ అంపైర్ అంటే కోర్టు అంచుకు నిలబడి ఒక్క గీతనే చూసుడు. బంతి ఆ గీత దాటి పడితే 'అవుట్' అని అరిచి చెయ్యి చాపాలె. ఆటగాని మొఖం చూడొద్దు, స్కోరు పట్టించుకోవద్దు, జనం మాట చెవిలేసుకోవద్దు.

చిన్న చిన్న పోటీలల్ల చాన ఏండ్లు చేసినంక, మన దేశం మగోళ్ల టీము ఇంకో దేశంతోని ఆడే పోటీకి నన్ను పిలిచిన్రు. ఆట మన గడ్డ మీదనే, ఉత్తరాదిల ఒక పెద్ద పట్నంల. నడుమ ఎత్తు కుర్చీల కూసునే పెద్ద అంపైరు మూడో దేశపాయన. గీతల మీద నిలబడేది మాత్రం మనోళ్లమే.

నాకంటె అన్నకే ఎక్కువ సంబురమైంది. ఆయన వరి, మక్క పండిస్తడు, ఎల్లారెడ్డిల ఎరువుల దుకాణం నడిపిస్తడు. ఆ ఏడు కౌన్సిలర్‌గ నిలబడాలని చూస్తున్నడు. బస్టాండు కాడ పెద్ద ఫ్లెక్సీ కట్టించిండు. పైన జెండా, నడుమ నా ఫొటో, కింద దండం పెడుతున్న ఆయన ఫొటో. దేశానికి సేవ చేస్తున్న మా చెల్లె అని రాయించిండు. నేను ఆడుతలేను, గీత కాడ నిలబడుతున్న, గింత హంగామ ఎందుకని ఫోన్ల అడిగిన. గివన్ని నీకు తెల్వదు అన్నడు. ఆఖరి రోజు దుకాణం ముంగట టీవీ పెట్టి, వాడకట్టోళ్లందరికి చాయ్ పోయించి కూసోబెట్టిండట.

రెండు దేశాలు చెరి రెండు మ్యాచులు గెలిచినయి. అయిదో మ్యాచు ఎవరు గెలిస్తే పోటీ వాళ్లది. అది గూడ ఆఖరి సెట్టు చివరి దాక పోయింది. మనోడు ఇంకొక్క పాయింటు కొడితే అయిపోయినట్టే. నేను దూరంగ ఉన్న పక్క గీత మీద ఉన్న. మనోడు బలమంత పెట్టి కొట్టిన బంతి నా గీత పొంటి వచ్చి బయట పడ్డది. గీతకు బంతికి నడుమ చిటికెన వేలంత సందు. నేను చూసిన. నోరు, చెయ్యి ఒక్కసారే లేచినయి.

అప్పటికే జనం గెలిచినమని ఎగురుతున్నరు. నా చెయ్యి చూసినంక ఆ అరుపే తిట్లయింది. మన ఆటగాడు నా దిక్కు నడుచుకుంట వచ్చి, బంతి పడ్డ జాగను, నన్ను మార్చి మార్చి చూసిండు. గట్టి నేల గాబట్టి గుర్తు పడలేదు. మళ్ల తిప్పి చూపించే మిషన్లు ఆ కోర్టుల లేకుండె. మన టీము కెప్టెన్ లేచి పెద్ద అంపైరుతోని వాదించిండు. ఆయన నా మాటనే ఖాయం చేసిండు. అటెన్క మనోడు వరుసగ పాయింట్లు పోగొట్టుకున్నడు. ఓడిపోయినం.

నీళ్ల సీసాలు నా కాళ్ల కాడ పడ్డయి. ఎంతకు అమ్ముడుపోయినవని ఒకడు హిందీల అడిగిండు. పోలీసులు మమ్మల్ని వెనక గేటు నుంచి బయటికి తీసుకపోయిన్రు. నాకు భయం కాలేదు, కోపమొచ్చింది. ఆ ఆటగాడు చేతులార ఇడిచిపెట్టిన బంతులు బొచ్చెడు. వాటి గురించి ఎవ్వరు అడుగలే.

నేను కామారెడ్డి స్టేషన్ల రైలు దిగేవరకే వీడియో ఊరంత తిరిగింది. ఎవరో బంతి చుట్టు ఎర్ర గుండ్రం గీసిన్రు. దాంట్ల గీతనే సరిగ్గ కనవడది, బంతి యాడ పడ్డదో ఎట్ల కనవడుతది? అయినా అందరికి కనవడ్డది. పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నరు, కొన్ని రోజులు గ్రౌండులకు రాకుంటె మంచిదని మా బడి పెద్దసారు చెప్పిండు. నేను తెల్లారే గ్రౌండుకు పోయిన. అన్నోళ్లింటికి పోతుంటె ఎల్లారెడ్డి బస్సుల ఒకాయన నన్ను గుర్తుపట్టి, పక్కాయనతోని నాకు వినవడేటట్టు అన్నడు, ఆడోళ్లకు ఫిరీ బస్సులిచ్చింది సర్కారు, వీళ్లు మాత్రం దేశాన్ని ముంచుతరని. నేను లేచి ఆయన పక్కనే పోయి నిలబడ్డ. దిగేదాక ఆయన కిటికీల నుంచి తల తిప్పలేదు.

బస్టాండు కాడ ఫ్లెక్సీ లేకుండె. దాని మీద పేడ కొట్టిన్రట. అన్నే విప్పించి తెచ్చి, కల్లంల మక్కల కుప్ప మీద కప్పిండు. నా మొఖం లోపలి దిక్కుకు ఉన్నది.

ఆ పొద్దు వదిన చాయ్ తెచ్చి పెట్టి లోపలికి పోయింది. అన్న చేతిల ఫోన్ పట్టుకోని అడిగిండు.

"చెల్లె, గా బాల్ నిజంగ బయట పడ్డదా?"

"పడ్డదన్నా."

"నూటికి నూరు పాళ్లు చెప్పగలుగుతవా?"

"చెప్పగలుగుత."

ఆయన ఫోన్ నా ముంగట పెట్టిండు. వీడియో తీస్త, రెండు ముక్కలు చెప్పు అన్నడు. కన్ను చెదిరింది, పొరపాటయింది, దేశం నన్ను మన్నించాలె, గంతే. జనం కరుగుతరట, నాలుగు రోజులల్ల మరిచిపోతరట. ఇంటింటికి ఓట్లు అడుగవోతే అందరు నీ చెల్లె సంగతేందని అంటున్నరట.

"నాకు పొరపాటు కాలేదు. కాంది అయిందని చెప్ప."

"నా కోసం చెప్పు."

"నీ కోసం వేరే ఏమన్న అడుగు, చేస్త."

"వేరేది నాకు అక్కర లేదు" అన్నడు. చాయ్ తాగకుంటనే దుకాణానికి పోయిండు. నేను వాకిట్ల ఒక్కదాన్నే కూసున్న. కండ్లల్ల నీళ్లు రాలేదు. చిన్నప్పుడు నాకు సైకిల్ నేర్పినోడు, నేను మ్యాచ్ గెలిస్తే వాడంత బూందీ పంచినోడు. గీ మనిషికి నేను గెలిచినప్పుడే చెల్లెనా అని మనసుల అనుకున్న. ఆ మాట నోట్లకెళ్లి రానియ్యలే. వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తది.

అన్న ఎన్నికల్ల ఓడిపోయిండు. వాడల మురికి మోరీలు, ఆయన దుకాణంల యూరియా దొరుకక రైతులు కొట్లాడింది, గెలిచినోని పలుకుబడి, అన్నీ కారణాలే. ఆయన మాత్రం అందరికి నా పేరే చెప్పిండు. వదిననే నాకు ఫోన్ చేసి చెప్పింది, నువ్వు మనసుల పెట్టుకోకమ్మా అని. పెట్టుకున్న.

తర్వాతి రాఖీకి పోవద్దనుకున్న. మా ఆయన, పోకుంటె నువ్వు తప్పు చేసినవనే వాళ్ల మాటే నిజమైతదన్నడు. పోయిన. అన్న చెయ్యి చాపిండు, కండ్లు మాత్రం టీవీ మీదనే ఉన్నయి. రాఖీ కట్టిన. నోట్ల మిఠాయి పెడితే నమిలిండు. వదిన మటన్ వండింది. ముగ్గురం కూసోని తిన్నం. బయలెల్లేటప్పుడు ఆయనే బండి తీసిండు. బస్టాండు దాక తీసుకపోయిండు. నేను దిగినంక, బండి బందు చెయ్యకుంటనే అడిగిండు:

"మళ్ల పిలుస్తే పోతవా?"

"పోదును. ఇగ పిలువరట. గీతలకు కెమెరాలు పెడుతున్నరు, అవే చెప్తయట."

"మరి నువ్వు గదంత చేసి ఏం సాధించినవ్?"

కామారెడ్డి బస్సు అప్పుడే లోపలికి తిరిగింది. జనం ఎగబడుతున్నరు. పోయొస్తనని చెప్పిన. ఆయన తల ఊపి బండి తిప్పుకున్నడు. నాకు సీటు దొరుకలేదు. తొవ్వల ఉండే లింగంపేట దాక నిలబడే వచ్చిన.