గుమ్మం కింద మొలకలు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని ప్రార్థనలో కూడా దాటేస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను దొంగతనం చేయలేదు. ఎవరి మీదా చేయి ఎత్తలేదు. ఒక ప్రశ్నను మార్చి అడిగాను. ఇలా రాస్తే ఎంత చిన్న విషయంలా కనిపిస్తోందో!

అప్పుడు నేను నరసరావుపేటలో చదువు ముగించి ఇంటికొచ్చిన కుర్రాణ్ని. పై దేశం నుంచి వచ్చిన ఒక దొరసానమ్మ నూజెండ్ల దగ్గర మా ఊళ్లో పాడుబడిన ఇల్లొకటి కొన్నది. దాన్ని బాగుచేయించి బడి పెట్టాలని ఆమె కోరిక. ఆమెకు తెలుగు రాదు. మా పనివాళ్లకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. ఎవరేమన్నా నా నోటి మీదుగానే అవతలివాళ్లకు చేరాలి. బడి తెరిచాక నన్నే మేస్టరుగా పెడతానని ఆమె మాటిచ్చింది. మా ఇంట్లో అంతకుముందు ఉద్యోగమన్నది ఎరిగినవాళ్లు లేరు.

వడ్రంగి కోటాచారి మా ఊరివాడే. మాటకారి, కాస్త కోపిష్టి. చెదలు తిన్న పాత ద్వారబంధం తీసేసి కొత్త గుమ్మం చేశాడు. తెల్లవారితే నిలబెట్టాలనగా నన్ను ఆపాడు.

"పసుపూ కుంకుమా లేకుండా గుమ్మం ఎట్టా ఎత్తేది మేస్టరూ? గడప కింద నవధాన్యాలన్నా పడాల. అమ్మగారిని ఒక్కమాట అడగండి."

తన ఇంట్లో పూజలూ గీజలూ జరగకూడదని దొరసానమ్మ నాకు మొదటిరోజే చెప్పింది. ఆ మాట నేను పనివాళ్ల దాకా చేర్చనే లేదు. ఇప్పుడు అడిగితే కాదంటుంది. అందుకని ఆమె బస దాకా వెళ్లినట్టే వెళ్లి, తిరిగొచ్చి, "సరేనన్నారు" అని చెప్పాను. మర్నాడు ఆమె వినుకొండ వెళ్లి వచ్చేలోపు, పసుపు గుడ్డలో కట్టిన నవధాన్యాల మీద గుమ్మం లేచింది. పనివాళ్లు వెళ్లిపోయాక పైన పూసిన పసుపు నేనే తుడిచేశాను.

పని ఆగకూడదనే అలా చేశానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజమేనా? కాదు. మేము క్రైస్తవులమై రెండు తరాలైనా, కింద ఏమీ వేయని గుమ్మం దాటి రోజూ లోపలికి వెళ్లాలంటే భయమేసింది నాకే. నా భయాన్ని ఆయన చేత్తో పాతించాను.

తర్వాత మంచి వాన పడింది. గడప పక్కన నానిన మట్టిలోంచి పెసరా, అలసందా పచ్చగా మొలిచాయి. దొరసానమ్మ ముచ్చటపడి వంగి ఒక మొలకను లాగింది. దాంతోపాటు పసుపు గుడ్డ పీలిక పైకొచ్చింది.

ఆమె ముఖం ఎర్రగా కందిపోయింది. కోటాచారిని పిలిపించింది. "ఎవరినీ అడక్కుండా, నన్ను మోసం చేసి ఇది పెట్టాడా? అడుగు" అని నాతో ఇంగ్లీషులో అన్నది.

నేను ఆయన వైపు తిరిగాను.

"ఇది మీరే పెట్టారా ఆచారిగారూ, అని అడుగుతున్నారు."

ఆయన ముఖం విప్పారింది. "నేనేనమ్మా! నా చేత్తోనే పెట్టా. చూడండి, ఎంత బాగా మొలిచినయ్యో!" అంటూ ఆమెకు తలూపి నవ్వాడు.

"ఏమంటున్నాడు?"

"అవునంటున్నాడు."

నిర్ఘాంతపోయాను. ఆమె కోపానికి కాదు, నా నోటికి. ఇంత నేర్పు నాలో ఎక్కడ దాక్కుంది? ముందే అనుకున్నానా? లేదు, ప్రమాణపూర్తిగా లేదు, ఒక్క రెప్పపాటులో నా నోరు నా ఉద్యోగాన్ని కాపాడుకుని ఒక మనిషిని ముంచేసింది, పైగా ఆయన జవాబును ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేరవేసింది.

ఆమె ఆయన్ని పొమ్మంది. గుమ్మం పీకించి, సత్తెనపల్లి నుంచి వేరే వడ్రంగిని పిలిపించింది. ఎందుకో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఎత్తిన గుమ్మం పీకించడమంటే మా వైపు ఎంత అరిష్టమో మీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని గుమ్మం ఎత్తడానికి పిలవలేదు. కొన్నాళ్లకు ఊళ్లో కనిపించడం మానేశాడు. నాకు ఉద్యోగం వచ్చింది.

కొన్నేళ్లకు బడిపిల్లల్ని సాగర్ డ్యాం పనులు చూపించడానికి తీసుకెళ్లాను. తలమీద రాళ్లు మోస్తున్న కూలీల వరుసలో కోటాచారి! నన్ను గుర్తుపట్టి, రాయి దించి, దగ్గరికొచ్చాడు.

"మేస్టరూ, దాచకుండా చెప్పండి. ఆ గుమ్మం వంకర పోయిందా? అందుకే పీకించారా? అప్పటినుంచీ ఉలి పట్టుకుంటే నా చేతి మీద నాకే నమ్మకం లేదు."

అప్పుడన్నా చెప్పొచ్చు కదా? పక్కన పిల్లలున్నారు. వాళ్లకు నేను మేస్టర్ని.

"గుర్తులేదు ఆచారిగారూ" అన్నాను.

ఆయన వెళ్లి రాయి ఎత్తుకున్నాడు. మళ్లీ కనిపించలేదు. దొరసానమ్మ తన దేశం వెళ్లిపోయింది. ఇక నన్ను అడిగేవాళ్లు లేరు. క్షమించమని మిమ్మల్నీ అడగను, ఆ హక్కు మీకూ లేదు. చెప్పాల్సిన రెండు జవాబులూ మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

అమ్మగారూ, ఆయన అడిగే పెట్టాడు. సరేనన్నది నేను.

ఆచారిగారూ, మీ గుమ్మం వంకర పోలేదు.