నీటికుక్క తల్లి గంగ దాటిన రోజు

మొన్న మా మనవరాలు జాతరలో కొన్న పీక ఊదుతుంటే, ఆ సన్నని ఈలకు నా చేతిలోని పని ఆగిపోయింది; అరవై ఏళ్ళ కిందట, ధర్మపురికి ఎగువన మా అత్తవారి ఊళ్ళో, పొద్దుపొడుపు వేళ గంగ మీదుగా సరిగ్గా అలాంటి ఈలే వినిపించేది. గోదావరిని మేము గంగ అనే అంటాం. ఆ ఈల వేసేవి నీటికుక్కలు.

కొత్తకోడలిని, అత్త చేపల బుట్టలు కడుగుతుంటే పక్కన కూర్చుని వాటినే చూసేదాన్ని. ఐదారు కలిసి వరుసకట్టి చేపలను ఒడ్డుకు తరుముకొచ్చే తీరు చూస్తే, మా మగవాళ్ళు వల లాగడం వాటి దగ్గరే నేర్చుకున్నారేమో అనిపించేది. ఆ ఏడు ఒక తల్లి బండల సందున రెండు పిల్లలను పెట్టింది. నీళ్ళంటే జడిసే ఆ పిల్లలను మెడపట్టి లాక్కొచ్చి ముంచేది. సగం చచ్చిన చేపను లోతులేని నీళ్ళలో వదిలి, పట్టుకోండి అన్నట్టు పక్కకు జరిగి చూసేది. నీటికుక్కలవల్ల వలలు చిరిగేవి, ఆ చిరుగులు అల్లుతూ అత్త వాటిని తిట్టని రోజు లేదు.

ఒకనాడు తోళ్ళు కొనే వ్యాపారి వచ్చి మాటల్లో పెట్టి నీటికుక్కలు ఎక్కడుంటాయని అడిగితే, నాకే తెలుసునన్న గొప్పతో ఆ బండల చోటు చెప్పేశాను. రేపు బోన్లు తెస్తానని అతను వెళ్ళాక గానీ నాకు భయం పుట్టలేదు. ఏడుస్తూ అత్తకు చెప్పాను.

"వలంటే మల్ల అల్లుకుంటం పిల్లా, గా తల్లి పిల్లల్ని యాడికెల్లి తెచ్చుకుంటది? నడువు," అంది.

ఇద్దరం వెళ్ళి తెడ్లతో బండలమీద చాలాసేపు చప్పుడు చేశాం. చివరకు తల్లి బయటికొచ్చింది. ఒక పిల్లను నోట కరుచుకుని గంగ దాటి, అవతలి రెల్లులో దాచి, మేమింకా ఒడ్డునే ఉన్నామని చూస్తూ కూడా రెండోదానికోసం తిరిగొచ్చింది. అంతటి గుండె నేను మనుషుల్లోనూ అరుదుగానే చూశాను.

మరునాడు బండల సందు ఖాళీగా ఉండటం చూసి వ్యాపారి మండిపడితే, "కొత్త పిల్ల, ముంగిసను జూసి చెప్పిందేమో, జర మాఫ్ చెయ్యి," అని అత్త మొహంలో ఏమీ కనబడనీయకుండా అంది. ఆ సంగతి నా దగ్గర మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ పిల్లలు అవతలి ఒడ్డునే పెరిగి పెద్దవయ్యాయి. అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. పోయిన ఎండాకాలం ఆ ఊరికి వెళ్ళి, పొద్దెక్కేదాకా ఆ ఒడ్డున ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇసుకమీద లారీ టైర్ల జాడలే తప్ప, నీటికుక్క పాదం గుర్తు ఒక్కటీ కనబడలేదు.