సరంగు పేరున వచ్చిన రిపోర్టు

మా తాతగారు కళింగపట్నం నుంచి ఓడెక్కి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో కలప కాంట్రాక్టులు చేసినవారు. నాన్నగారి హయాంలో బాంబూఫ్లాట్ రేవులో మా లాంచీలు మూడు నిలిచేవి, ఏ సర్కారు కచేరీకి వెళ్ళినా మావాళ్ళకు కుర్చీ వేశాకే మాట మొదలయ్యేది. ఆ ఇంటి చివరివాణ్ణి నేను. ఈ ఉదయం మూణ్ణెల్లకోసారి వేయించుకునే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రి వరండాలో కూర్చుంటే గోడమీద నా నంబరు ఎర్రగా వెలిగింది. ఇప్పుడు పేర్లు పిలవడం లేదు. నాలుగేళ్ళ క్రితం పిలిచేవారు.

అప్పటికే రెండేళ్ళుగా మూత్రం ఇబ్బంది. మన తరం మగవాళ్ళం అలాంటివి నోరు విప్పి చెప్పుకుంటామా? ఫెర్రీ ఎక్కే రోజు పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టేవాణ్ణి కాదు. ఏదో ఉపవాసం పట్టానని మా ఆవిడ అనుకునేది. చివరికి డాక్టరు రక్తపరీక్ష రాస్తే, ఆ జబ్బుకు మా ఇంటిపేరు పదిమందిలో కేకవేసి పిలుస్తారన్న తలంపే భరించలేక, నాన్నగారి లాంచీ నడిపి ఏనాడో కాలంచేసిన సరంగు పేరు రాయించాను. మా పేరు పెట్టడానికి తగవనుకున్న చిన్నాచితకా కాగితాల మీద సరంగు పేరు రాయించడం మా ఇంట్లో పాత అలవాటే. అది తప్పని ఎన్నడూ తోచలేదు.

రిపోర్టు రోజున పిలవడానికి వచ్చిన నర్సు ఆ సరంగు మనుమరాలు. ఆమె అక్కడ పనిచేస్తున్నదని నాకు తెలియదు. కాగితం చూసి పకపకా నవ్వింది.

“అరే, ఇది మా తాత పేరే! ఓ తాతా, పైనుంచి షిప్పెక్కి వచ్చీసినావేటి? రా, రిపోర్టు తీసుకో!”

“ఫెర్రీ లేటయిందేమో దీదీ, కాస్త ఆగు!” అన్నాడెవరో.

వరండా అంతా నవ్వింది. నేను మాత్రం ఆ పిలుపు నాది కానట్టు, నడుం నిటారుగా పెట్టి సముద్రం వైపు చూస్తూ కూర్చుని, కాసేపటికి లేచి జెట్టీకి నడిచిపోయాను. ఆ కాగితం కోసం మళ్ళీ వెళ్ళలేదు.

ఏడాది తరువాత వెన్నునొప్పితో మంచం దిగలేకపోతే మా ఆవిడే తీసుకువెళ్ళి నా పేరు రాయించింది. ప్రోస్టేట్ క్యాన్సర్, వెన్నెముకలోకి పాకింది అన్నారు. ఇంతకుముందు పరీక్ష చేయించలేదా అని డాక్టరు అడిగినప్పుడు చెప్పక తప్పలేదు. అప్పుడే వచ్చివుంటే గ్రంథి దాటివుండేది కాదేమోనని ఆయన మెల్లగా అన్నాడు. మా ఆవిడ ఆయనను కాదు, నన్ను చూసింది. పక్కనే ఉన్న నర్సు, ఆ సరంగు మనుమరాలే, కళ్ళు తుడుచుకుంది.

“ఆరోజు ఉన్నది మీరేనా బాబూ? నా చెవిలో ఒక్క మాటేస్తే నానే ఇంటికి తెచ్చి ఇచ్చీదాన్ని కదేటి.”

తాను నవ్వడమే తప్పయిందని ఆ పిల్ల అనుకుంటోంది. నేను ఆనాటిలాగే కిటికీలోంచి సముద్రం వైపు చూపు తిప్పుకున్నాను.

ఒకప్పుడు నాన్నగారు ఫెర్రీ ఎక్కితే జనం లేచి నిలబడేవారు. ఇప్పుడు నేనెక్కినా లేస్తారు, కమ్మీ పట్టుకుని అడుగువేసే తీరు చూసి. “బైఠియే చాచాజీ” అంటారు. నేనెవరినో వాళ్ళకు తెలియదు. మొదట్లో మొండిగా నిలబడేవాణ్ణి. ఇప్పుడు కూర్చుంటున్నాను. మద్రాసులో వైద్యానికి ఫెరార్గంజ్‌లోని మా వక్కతోట పోయినేడు అమ్మేశాం.